డిజైన్‌కీ ఇంజినీరింగ్‌కీ నడుమ ఫ్రంట్ ఎండ్ డెవలపర్ చోటెక్కడ?

డిజైన్ ఫైల్లో యూజర్ పేరు ఎప్పుడూ ఒక్క వరుసలో ఒదిగిపోతుంది. ఫొటో ఎప్పుడూ ఉంటుంది. జాబితా ఎప్పుడూ నిండుగా కనిపిస్తుంది. అటు సర్వర్ వైపు, అడిగిన డేటా సరైన అనుమతులతో సరైన ఆకృతిలో బయటికి వెళ్లిందంటే పని పూర్తయినట్టే లెక్క. మరి పేరు నలభై అక్షరాలుంటే? ఫొటో పెట్టుకోకపోతే? జాబితాలో ఒక్కటీ లేకపోతే? జవాబు రావడానికి నాలుగు సెకన్లు పడితే అంతసేపూ తెర మీద ఏముండాలి? వీటికి సమాధానం డిజైన్ ఫైల్లో దొరకదు, సర్వర్ కోడ్‌లోనూ దొరకదు. ఎవరో ఒకరు కూర్చుని తేల్చేదాకా అది ఎక్కడా ఉండదు. చాలా టీముల్లో ఆ తేల్చే పని అడగకుండానే ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌కు, అంటే బ్రౌజర్‌లో కనిపించే భాగానికి కోడ్ రాసే మనిషికి, వచ్చి పడుతుంది.

ఈ ఉద్యోగాన్ని ‘డిజైన్‌ను కోడ్‌గా మార్చే పని’ అని చెప్పడం మామూలైపోయింది. టీముల మధ్య తగాదాలు చాలావరకు ఈ నిర్వచనం దగ్గరే మొదలవుతాయి. మార్చడమే పని అనుకుంటే, మార్చడానికి పూర్తయిన వస్తువొకటి ముందే సిద్ధంగా ఉండాలి. కాబట్టి డిజైన్ ఫైనల్ అయ్యాక, ఏపీఐ (సర్వర్ నుంచి డేటా అడిగి తెచ్చుకునే దారి) రెడీ అయ్యాక ఫ్రంట్ ఎండ్ వాళ్లను పిలుస్తారు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని సంగతులన్నీ విడుదలకు ముందు వారంలో ఒకరి నెత్తిన పడతాయి. అధికారం మాత్రం ఆ ఒక్కరి చేతిలో ఉండదు. అంచు రంగు మార్చాలంటే డిజైనర్ ఒప్పుకోవాలి, జవాబులో ఒక ఫీల్డ్ కలపాలంటే బ్యాకెండ్ (సర్వర్ వైపు) టీమ్ వచ్చే స్ప్రింట్ (పని విడత) దాకా ఆగమంటుంది. రెండు వైపులా నిర్ణయాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే ఫ్రంట్ ఎండ్ డెవలపర్ ఆ చర్చలో ఉండాలి. అలా ఎందుకన్నది తెలియాలంటే ఈ నడిమి చోటు ఎలా పెరిగిందో కొంచెం చూడాలి.

1994 అక్టోబరులో హోకన్ వియుమ్ లీ, పేజీ రూపాన్ని నిర్ణయించే భాష సీఎస్ఎస్‌ను ప్రతిపాదించారు. 1996 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాని మొదటి స్థాయిని సిఫార్సుగా ప్రకటించింది. ఈ నడుమే, 1995లో, బ్రౌజర్ సంస్థ నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్, బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ రాశారు. అయినా తర్వాత పదేళ్లపాటు పేజీ మొత్తం సర్వర్‌లోనే తయారయ్యేది, బ్రౌజర్ పని దాన్ని చూపించడమే. 2005లో జెస్సీ జేమ్స్ గ్యారెట్ అజాక్స్ అని పేరు పెట్టిన పద్ధతితో, పేజీ మళ్లీ తెరవకుండానే డేటా తెచ్చుకునే పని బ్రౌజర్‌లోకి వచ్చింది. 2010లో ఈథన్ మార్కాట్, తెర వెడల్పును బట్టి పేజీ మారే రెస్పాన్సివ్ డిజైన్ ఆలోచనను ముందుకు తెచ్చాక, ఇంత వెడల్పు తెర అని గీసుకుని కూర్చునే వీలు డిజైనర్‌కు పోయింది. 2013లో తెరలు కట్టే లైబ్రరీ రియాక్ట్ ఓపెన్ సోర్స్‌గా వచ్చాక పేజీని కూర్చడం, దాని స్థితిని గుర్తుంచుకోవడం కూడా బ్రౌజర్ బాధ్యతలయ్యాయి. ప్రతి మలుపులోనూ ఏదో ఒక వైపు నుంచి కొంత పని నడుమకు జరిగింది. టీముల గీతలు మాత్రం పాత చోటే ఉండిపోయాయి.

నడిమి చోటు ఇంత వెడల్పయ్యేసరికి అందులోనే రెండు రకాల మనుషులు తయారయ్యారు. వీళ్లను వెబ్ డిజైనర్ బ్రాడ్ ఫ్రాస్ట్ ‘ఫ్రంట్ ఎండ్‌లో ముందు భాగం, ఫ్రంట్ ఎండ్‌లో వెనక భాగం’ అని విడదీశారు. మొదటి రకం వాళ్ల చేయి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలగడం), కాంపొనెంట్ల (మళ్లీ మళ్లీ వాడే తెర ముక్కల) తీరు మీద ఆడుతుంది. రెండో రకం వాళ్లు డేటా ఎలా వస్తుంది, ఎక్కడ దాచాలి, లాగిన్ ఎలా నడవాలి, బిల్డ్ ఎందుకు నెమ్మదించింది అన్నవాటిలో మునిగి ఉంటారు. రెండూ బాగా వచ్చినవాళ్లు ఉంటారు గానీ తక్కువ. ఉద్యోగ ప్రకటనలో ఈ తేడా రాయకపోతే నష్టం వెంటనే కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో అల్గారిథమ్ ప్రశ్నలతో రెండో రకం మనిషిని ఎంచుకుని, చేరాక ఆర్నెల్లు ఫారాల లేఅవుట్ మీద పెడతారు. ఆ ఫారాల్లో కీబోర్డుతో ముందుకు వెళ్లలేని చోట్లు మిగిలిపోతాయి. మనిషికి తెలివి లేక కాదు, ఆ పని ఆ మనిషిది కాదు కాబట్టి.

డిజైన్ ఫైల్ చెప్పనివి

ఫిగ్మా (డిజైనర్లు తెరలు గీసే సాధనం) ఫైల్లో సాధారణంగా రెండు వెడల్పులు ఉంటాయి, కంప్యూటర్‌కు 1440 పిక్సెల్స్ ఒకటి, ఫోన్‌కు 390 ఒకటి. 760 దగ్గర మూడు కాలమ్‌లు రెండవ్వాలా, ఒకటవ్వాలా? 1920 దాటితే పేజీ సాగాలా, మధ్యలో ఆగాలా? ఇవి ఫైల్లో ఉండవు. కింది హద్దు సంగతి చాలామంది డిజైనర్ల దాకా రాదు. డబ్ల్యూసీఏజీ యాక్సెసిబిలిటీ ప్రమాణం ప్రకారం, 320 సీఎస్ఎస్ పిక్సెల్స్ వెడల్పులో కూడా మామూలు పేజీని చదవడానికి పక్కకు స్క్రోల్ చేయాల్సిన అవసరం రాకూడదు. అంత చిన్న ఫోన్లు ఎవరు వాడుతున్నారని అడుగుతారు. 1280 వెడల్పున్న కంప్యూటర్ తెర మీద చూపు తగ్గినవాళ్లు 400 శాతం జూమ్ చేస్తే పేజీకి మిగిలేది సరిగ్గా 320.

రంగుల్లోనూ ఇలాంటిదే. తెల్లటి నేపథ్యం మీద 999 అనే కోడ్ ఉన్న బూడిద రంగు అక్షరాలు డిజైనర్ పెద్ద మానిటర్ మీద సుకుమారంగా కనిపిస్తాయి. వాటి కాంట్రాస్ట్ సుమారు 2.85కి 1. అదే ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకు కావాల్సింది 4.5కి 1. తెలుపు మీద ఆ గీత దాటే బూడిద రంగు 767676, అది 4.54 ఇస్తుంది. ఇన్‌పుట్ పెట్టె అంచుల్లాంటి వాటికి 3కి 1 చాలు. ఈ లెక్క కాంపొనెంట్ మొదటిసారి గీసిన రోజు చెబితే ఐదు నిమిషాల పని. నలభై తెరలు పూర్తయ్యాక చెబితే, నియమాల పేరుతో అందాన్ని పాడుచేస్తున్నారన్న గొడవ అవుతుంది. తాకే బటన్ల పరిమాణానికీ ఇదే వర్తిస్తుంది. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో డబుల్ ఏ అనే మధ్య స్థాయికి కనీసం 24 పిక్సెల్స్ చదరం ఉండాలన్నారు, కొన్ని మినహాయింపులతో. అన్నిటికన్నా కఠినమైన ట్రిపుల్ ఏ స్థాయికి 44.

కొలతలు నిజంగానే తేడా వచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఫిగ్మాలో కొలతలను తనే సర్దే ఆటో లేఅవుట్, బటన్ అంచు గీత మందాన్ని డిఫాల్ట్‌గా లెక్కలోకి తీసుకోదు. లైన్ హైట్ (అక్షరాల వరుస ఎత్తు) 24, పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) 12 చొప్పున ఉంటే అక్కడ ఎత్తు 48 అని చూపిస్తుంది. అవే అంకెలతో ఒక పిక్సెల్ బోర్డర్ కలిపి సీఎస్ఎస్ రాస్తే 50 వస్తుంది. పక్కనున్న బోర్డర్ లేని బటన్ 48 దగ్గరే ఉంటుంది, వరుస చెడుతుంది. డిజైనర్ దాన్ని బగ్‌గా రాస్తారు, డెవలపర్ ఫైల్లో ఉన్నదే రాశానంటారు. ఇద్దరిదీ నిజమే. ప్యాడింగ్ 11 చేయాలా, అన్ని బటన్లకూ కనిపించని బోర్డర్ ఇవ్వాలా, ఫైల్లోనే స్ట్రోక్‌ను (అంచు గీతను) లెక్కలో కలిపేలా సెట్టింగ్ మార్చాలా అని ఒకసారి తేల్చుకుంటే మళ్లీ రాదు. మూడోది మేలు, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి కాంపొనెంట్‌కూ అది పనికొస్తుంది.

ఇక పొడవైన పేరు. ఎడమ పక్కన ఫొటో, మధ్యలో పేరు, కుడి చివర ఒక బటన్ ఉన్న కార్డు అనుకోండి. పేరు పెద్దదైతే చివర మూడు చుక్కలు రావాలని డిజైనర్ చెప్పారు. డెవలపర్ పేరు ఎలిమెంట్‌కు ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినది దాచు), నోరాప్ (వరుస విరవకు), ఎలిప్సిస్ (చుక్కలు పెట్టు) మూడూ రాశారు. అయినా పేరు కత్తిరించుకోదు, బటన్‌ను కార్డు బయటికి తోసేస్తుంది. కారణం పెట్టెలను వరుసలో పేర్చే ఫ్లెక్స్‌బాక్స్ నియమంలో ఉంది. ఫ్లెక్స్ ఐటమ్‌కు (ఆ వరుసలోని ఒక్కో పెట్టెకు) కనీస వెడల్పు డిఫాల్ట్‌గా ఆటో, అంటే లోపలున్న సరుకు కనీస వెడల్పుకన్నా తగ్గనని మొరాయిస్తుంది. నోరాప్ పెట్టాక ఆ కనీస వెడల్పు పేరు మొత్తం పొడవే. పేరును చుట్టి ఉన్న మధ్య పెట్టెకు కనీస వెడల్పు సున్నా అని రాస్తే సమస్య పోతుంది. ఒక్క వరుస కోడ్. కానీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: పేరు కత్తిరించడం సబబేనా? ఒకే ఇంటిపేరుతో మొదలయ్యే ఐదుగురు జాబితాలో ఉంటే, కత్తిరించిన తర్వాత ఎవరు ఎవరో తెలియదు. అప్పుడు రెండు వరుసలకు దిగనివ్వడమే మంచిది. కోడ్ రాస్తున్న మనిషికి అసలు డేటా కళ్లెదుట ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్న ముందుగా తట్టేది అక్కడే.

లిపి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలతో గీసిన బటన్‌లో లైన్ హైట్ 1.2 పెట్టి, ఎత్తు బిగించి, ఓవర్‌ఫ్లో హిడెన్ రాస్తే, తెలుగు వచ్చేసరికి కింద వొత్తులు కోసుకుపోతాయి. జర్మన్‌లో మాటలు పొడవై పెట్టె దాటుతాయి. ఎత్తు బిగించకుండా ప్యాడింగ్‌తోనే పెట్టెకు ఆకారం ఇవ్వడం, పొడవైన నకిలీ వాక్యాలతో ముందే పరీక్షించడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

సర్వర్ వైపు బేరం

ఏపీఐ గురించి జరిగే చర్చలో ఫ్రంట్ ఎండ్ లేకపోతే డేటాబేస్ పట్టికలు ఎలా ఉన్నాయో జవాబు కూడా అలాగే వస్తుంది. ఇరవై ఆర్డర్ల జాబితా చూపించడానికి సర్వర్‌కు ఒక పిలుపు, ఒక్కో ఆర్డర్‌లోని కస్టమర్ పేరు కోసం మరో ఇరవై, మొత్తం ఇరవై ఒకటి. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఇది తెలియదు, బలహీనమైన మొబైల్ సిగ్నల్ మీద పేజీ ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటుంది.

ఐడీలు (రికార్డుల గుర్తింపు సంఖ్యలు) మరో ఉచ్చు. జావాస్క్రిప్ట్ తప్పు లేకుండా పట్టుకోగల పూర్ణాంకాల హద్దు 9007199254740991. అంతకన్నా పెద్ద ఐడీని జేసన్ అనే డేటా రూపంలో అంకెగా పంపితే చివరి అంకెలు చడీచప్పుడు లేకుండా మారిపోతాయి. 9007199254740993 అని పంపితే బ్రౌజర్ చేతికి చివర 992తో అందుతుంది. ఎర్రర్ ఏదీ రాదు, వేరే రికార్డు తెరుచుకుంటుంది లేదా ఏదీ దొరకలేదంటుంది. ఐడీలను కొటేషన్లలో, అక్షరాలుగా పంపడమే మందు. ఏపీఐ ఖరారయ్యే ముందు చెబితే ఖర్చు లేదు.

డిజైన్, సర్వర్ రెండూ ఒకే నిర్ణయానికి కట్టుబడి ఉన్న చోటు పేజీ నంబర్లు. డిజైనర్ జాబితా కింద ‘412లో 1వ పేజీ’ అని గీస్తారు, చూడ్డానికి చిన్న సంగతి. ఆ 412 చెప్పాలంటే సర్వర్ ప్రతిసారీ మొత్తం లెక్కపెట్టాలి, కోట్ల వరుసలున్న పట్టికలో, పైగా ఫిల్టర్లతో, అది బరువైన పని. పైగా ఇన్నింటిని దాటి తర్వాతి ఇరవై ఇవ్వు అనే ఆఫ్‌సెట్ పద్ధతిలో, యూజర్ మొదటి పేజీ చూస్తుండగా పైన కొత్త రికార్డు చేరితే, రెండో పేజీలో పాతదే మళ్లీ కనిపిస్తుంది. ఈ రికార్డు తర్వాతవి ఇవ్వు అనే కర్సర్ పద్ధతిలో ఈ చిక్కు లేదు, కాకపోతే 57వ పేజీకి నేరుగా దూకలేరు. జనం 57వ పేజీకి నిజంగా వెళ్తారా, లేక వెతుకుతారా అన్నది డిజైనర్‌కు తెలుసు. లెక్కపెట్టడం ఎంత ఖరీదో బ్యాకెండ్‌కు తెలుసు. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడ్డాయని గమనించగలిగే స్థానంలో ఉన్నది ఫ్రంట్ ఎండ్ మనిషే. ‘మరిన్ని’ అనే ఒక్క బటన్‌తో సరిపెట్టుకుంటే ముగ్గురి పనీ సగానికి సగం తగ్గే సందర్భాలు చాలా ఉంటాయి.

ఒక వెతుకుడు పెట్టెలో ఎంత పనుంది

మూడు వైపులూ కలిసే చోటును దగ్గరగా చూడాలంటే, టైప్ చేస్తుంటే సూచనలు చూపించే సెర్చ్ పెట్టెను తీసుకోవచ్చు. డిజైన్ ఫైల్లో రెండే బొమ్మలు: ఖాళీ పెట్టె, కింద ఐదు సూచనలున్న పెట్టె.

మొదట సమయం. ప్రతి అక్షరానికీ సర్వర్‌ను పిలిస్తే పది అక్షరాలకు పది పిలుపులు. చేయి ఆగిన తర్వాత 250 నుంచి 300 మిల్లీసెకన్లు వేచి పిలవడం వాడుకలో ఉన్న పద్ధతి. ఎక్కువ ఆగితే మొద్దుగా అనిపిస్తుంది, తక్కువైతే సర్వర్‌కు భారం. తర్వాత వరుస. ‘రా’కు వెళ్లిన పిలుపు నెమ్మదిగా, ‘రామ’కు వెళ్లినది వేగంగా తిరిగొస్తే, పెట్టెలో ‘రామ’ ఉండగా కింద ‘రా’ ఫలితాలు కూర్చుంటాయి. పాత పిలుపును బ్రౌజర్‌లోని అబార్ట్ కంట్రోలర్‌తో రద్దు చేయాలి, లేదా జవాబు వచ్చాక అది ఇప్పటి మాటకు సంబంధించినదేనా అని సరిచూసి కాకపోతే పారేయాలి. డెవలపర్ మెషీన్ మీద జవాబులన్నీ వరుసగానే వస్తాయి కాబట్టి ఈ బగ్ అక్కడ కనిపించదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి ఆగి ఆగి టైప్ చేస్తే బయటపడే అవకాశం ఎక్కువ. నిక్కచ్చిగా పట్టుకోవాలంటే, నకిలీ ఏపీఐలో చిన్న మాటలకు కావాలనే ఆలస్యం పెట్టాలి. ఇన్‌పుట్ మెథడ్‌తో (కొన్ని మీటలు కలిపి అక్షరాన్ని కూర్చే పద్ధతితో) టైప్ చేసే భాషల్లో ఇంకో మెలిక ఉంది: అక్షరం ఇంకా కూర్చుకుంటుండగానే ఈవెంట్లు వస్తాయి. మాటను ఖాయం చేయడానికి నొక్కిన ఎంటర్‌ను వెతకమన్న ఆజ్ఞగా తీసుకుంటే పని చెడుతుంది.

ఖాళీ కూడా ఒకటి కాదు. ఇంకా ఏమీ టైప్ చేయకపోవడం, వెతికితే ఏమీ దొరక్కపోవడం, సర్వర్ విఫలమవడం మూడు వేర్వేరు స్థితులు. మూడింటికీ ‘ఫలితాలు లేవు’ అని రాస్తే, సర్వర్ పడిపోయినప్పుడు యూజర్ తన వస్తువే లేదనుకుని వెళ్లిపోతారు. ఈ తేడా తెలియాలంటే సర్వర్ కూడా సహకరించాలి, వైఫల్యాన్ని ఖాళీ జాబితాగా పంపకూడదు. ఇక కీబోర్డు. కింది బాణంతో సూచనల్లోకి దిగాలి, ఎస్కేప్ నొక్కితే జాబితా మూసుకోవాలి, ఎంచుకున్నది స్క్రీన్ రీడర్‌లో (తెరను చదివి చెప్పే సాధనంలో) వినిపించాలి, ఎన్ని ఫలితాలు వచ్చాయో మర్యాదగా ప్రకటించాలి. దీనికి యాక్సెసిబిలిటీ కోసం రాసిన డబ్ల్యూఏఐ ఏరియా మార్గదర్శకాల్లో కాంబోబాక్స్ అనే నమూనా ఉంది, సొంతంగా కనిపెట్టకుండా దాన్నే పాటించడం క్షేమం.

రెండు బొమ్మల నుంచి ఇన్ని నిర్ణయాలు. అంచనా వేసేటప్పుడు ఒక రోజు పని అని రాసుకున్న టికెట్ వారం ఎందుకు పట్టిందో ఇక్కడ తెలుస్తుంది. పనిలో పెద్ద వంతు కాలంతోనూ వైఫల్యంతోనూ ముడిపడి ఉంది, బొమ్మలో ఆ రెంటికీ చోటు లేదు.

వేగం ఎవరి బాధ్యత?

గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ ప్రకారం పేజీలో అతి పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, యూజర్ చర్యకు తెర స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదు, లేఅవుట్ కదలిక స్కోరు 0.1లోపు ఉండాలి. ఇవి సందర్శనల్లో 75వ పర్సంటైల్ దగ్గర కొలుస్తారు, అంటే నాలుగింట మూడు వంతుల సందర్శనలు ఈ హద్దుల్లో ఉండాలి. అంకెలు చెడినప్పుడు టికెట్ ఫ్రంట్ ఎండ్‌కే వస్తుంది. అందులో కొంత న్యాయం ఉంది: పైన కనిపించే ప్రధాన చిత్రానికి కూడా లేజీ లోడింగ్ (అవసరమయ్యేదాకా ఆగి తేవడం) పెట్టడం, చిత్రాలకు వెడల్పు ఎత్తు రాయకపోవడం ఫ్రంట్ ఎండ్ తప్పులే. కానీ తెర నిండే వీడియో కావాలన్నది డిజైన్, సర్వర్ మొదటి బైటు పంపడానికే 1.5 సెకన్లు తీసుకోవడం బ్యాకెండ్, ట్రాకింగ్ స్క్రిప్టులు మార్కెటింగ్. బాధ్యతను ముక్కలుగా రాసి పెట్టుకోకపోతే కొలిచేవారినే దోషులుగా చూస్తారు. కొత్త పేజీ మొదలుపెట్టే రోజే చిత్రాల బరువు ఇంత, స్క్రిప్టులు ఇంత, సర్వర్ జవాబు ఇంత అని బడ్జెట్ రాసి, ఒక్కో వరుస ఎదుట ఒక్కో టీమ్ పేరు ఉండాలి.

కుర్చీ ఎక్కడ వేయాలి

జీతం కాగితం మీద ఫ్రంట్ ఎండ్ డెవలపర్, ఇంజినీరింగ్ విభాగం కింద ఉండటమే సౌకర్యం, కోడ్ రివ్యూ, విడుదల, అత్యవసర మరమ్మతు అన్నీ అక్కడే నడుస్తాయి కాబట్టి. డిజైన్ కింద పెడితే కాంపొనెంట్లు చక్కగా వస్తాయి, డేటా పొర మాత్రం అనాథవుతుంది. పెద్ద సంస్థల్లో డిజైన్ సిస్టమ్ టీమ్ వేరుగా ఉంటుంది. అందులో ముందు భాగం మనుషులు, ప్రొడక్ట్ టీముల్లో వెనక భాగం మనుషులు ఉండటం సబబైన పంపకం. ఎవరికి రిపోర్ట్ చేస్తారన్నదానికన్నా క్యాలెండర్‌లో ఏ సమావేశాలకు పిలుస్తున్నారన్నదే పనిని ఎక్కువగా మారుస్తుంది.

పిలవాల్సిన సందర్భాలు ఎక్కువేం కాదు. వైర్‌ఫ్రేమ్ (తెర తొలి ముడి గీత) దశలో అరగంట చాలు: ఈ తెరలో డేటా ఎక్కడినుంచి, ఖాళీగా ఉంటే ఏమిటి, విఫలమైతే ఏమిటి అని అడగడానికి. తర్వాత బ్యాకెండ్‌తో కలిసి ఏపీఐ నమూనా జవాబును ఒక ఫైల్‌గా రాసుకోవాలి. అందులో పొడవైన పేరు, లేని ఫొటో, సున్నా ఫలితాలు కావాలనే ఉండాలి. ఆ ఫైల్‌తో ఫ్రంట్ ఎండ్, సర్వర్ రెండూ ఒకేసారి మొదలవుతాయి. డిజైనర్ కూడా అదే ఫైల్లోని డేటాను తమ తెరల్లో పోసి చూస్తే సగం సందేహాలు వాళ్లకే వస్తాయి. డిజైన్ రివ్యూ స్క్రీన్‌షాట్ల మీద చేయడం మానేయాలి. డిజైనర్ బ్రౌజర్ కిటికీ అంచు పట్టుకుని లాగి చూడాలి, ట్యాబ్ కీతో నడిచి చూడాలి.

టోకెన్ల (డిజైన్ విలువలకు పెట్టుకునే పేర్ల) విషయంలో ఒక్క మాట. రంగులకూ ఖాళీలకూ రెండు టీములూ ఒకే పేర్లు వాడాలి, ఆ పేరు పనిని చెప్పాలి. ‘నీలం 500’ అని కాంపొనెంట్‌లో నేరుగా రాస్తే డార్క్ మోడ్ వచ్చిన రోజు ప్రతి చోటా వెతుక్కోవాలి. ‘ప్రధాన చర్య నేపథ్యం’ అని రాస్తే ఒక్క చోట మార్చితే చాలు.

డిజైన్ ఫైల్ నుంచి నేరుగా కోడ్ పుట్టించే సాధనాలు ఇప్పుడు చాలా వచ్చాయి, ఇంక ఈ నడిమి మనిషి దేనికని అడుగుతున్నారు. అవి ఫైల్లో ఉన్నదాన్ని వేగంగా ఇస్తాయి, ఆ మేరకు వాడుకోవడం మంచిదే. ఫైల్లో లేనిదాన్ని మాత్రం ఊహించి నింపుతాయి, ఆ ఊహ ఎవరితోనూ చర్చించినది కాదు. అలా వచ్చిన తెరను ఒప్పుకునే ముందు కిటికీని 320కి కుదించండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్, స్పేస్‌లతో మొత్తం పని పూర్తి చేసి చూడండి. బటన్‌లా కనిపించేది నిజంగా బటన్ ఎలిమెంటా, లేక క్లిక్ తగిలించిన డివ్ అనే మామూలు పెట్టెనా అన్నది అక్కడే తేలుతుంది. నకిలీ ఏపీఐ నుంచి ఒకసారి ఖాళీ జాబితా, ఒకసారి 500 ఎర్రర్ (సర్వర్ విఫలమైందన్న కబురు), ఒకసారి పది సెకన్ల ఆలస్యం పంపండి. సేవ్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కి సర్వర్‌లో ఎన్ని రికార్డులు చేరాయో లెక్కపెట్టండి. రెండు చేరితే బటన్‌ను కాసేపు నిలిపేయడం ఒక్కటే చాలదు, ఒకే అభ్యర్థన రెండోసారి వస్తే గుర్తుపట్టే కీ సర్వర్ వైపు కూడా ఉండాలి. ఆ టికెట్ బ్యాకెండ్ టీమ్‌కు, నడుస్తున్న కాలంలో తెర మీద ఏం చూపించాలన్న టికెట్ డిజైనర్‌కు, రెండూ అదే రోజు వెళ్లాలి.